డాంగ్ అడవుల్లో వేసవి విడిది: సూరత్ నుంచి బయలుదేరే ముందు తెలుసుకోవలసినవి

గుజరాత్‌లో పాఠశాలలకు వేసవి సెలవులు సాధారణంగా మే నెల ప్రథమార్ధంలో మొదలై సుమారు ఐదు వారాలు కొనసాగుతాయి. ఈ రోజులలో సూరత్ నుంచి సొంత కార్లలో, అద్దె వాహనాలలో, బస్సులలో అనేక కుటుంబాలు సహ్యాద్రి కొండల వైపు ప్రయాణం కడతాయి. నగరానికి ఆగ్నేయంగా సుమారు 160 కిలోమీటర్ల దూరంలో ఉన్న సాపుతారా, దానిని చుట్టుకొని ఉన్న డాంగ్ జిల్లా అడవులు వీరి ప్రధాన గమ్యం. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న సాపుతారా గుజరాత్‌లోని ఏకైక ప్రముఖ వేసవి విడిదిగా పేరు పొందింది.

సూరత్‌లోని తెలుగు కుటుంబాలకు సైతం ఈ దారి పరిచితమే. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి వచ్చి మరమగ్గాల పరిశ్రమలో స్థిరపడిన పద్మశాలీలతో పాటు ఇతర తెలుగువారు లింబాయత్, ఉధ్నా, డిండోలీ తదితర ప్రాంతాలలో నివసిస్తున్నారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలను నడపడమే ఈ సమాజపు ఉనికికి నిదర్శనం. వేసవి వచ్చిందంటే నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ వైపు బయలుదేరడం వీరికి పాత అలవాటు. అయితే సొంతూరికి వెళ్లడం అందరికీ ప్రతి ఏటా వీలు కాదు. మగ్గానికి, దుకాణానికి రెండు మూడు రోజులే సెలవు దొరికినప్పుడు డాంగ్ అడవులు అందుబాటులో ఉన్న ప్రత్యామ్నాయం.

అక్కడికి మొదటిసారి వెళ్లేవారు ఒక విషయం ముందుగా గ్రహించాలి. ప్రచార చిత్రాలలో కనిపించే పచ్చని కొండలు, ఉరకలెత్తే జలపాతాలు వర్షాకాలానివి. మే నెలలో అదే చోట నల్లని రాయి, ఆకులు రాలిన టేకు చెట్లు, పాయలుగా సన్నగిల్లిన నది కనిపిస్తాయి. ఇది నిరాశ చెందవలసిన విషయం కాదు. కాని ఏడాదిలో అత్యంత పొడిగా ఉన్న అడవిలోకి వెళ్తున్నామన్న స్పృహ ఉంటేనే ప్రయాణం సుఖంగా, క్షేమంగా సాగుతుంది.

వాన ఎక్కువ, నిలిచే నీరు తక్కువ

గుజరాత్‌లో అత్యధిక వర్షపాతం నమోదయ్యే ప్రాంతాలలో డాంగ్ ఒకటి. ఏటా సగటున రెండు వేల మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. ఇది తెలంగాణ సగటు వర్షపాతానికి రెట్టింపు కంటే అధికం. అయినప్పటికీ ఏప్రిల్, మే నెలలు వచ్చేసరికి జిల్లాలోని పలు గ్రామాలలో బావులు అడుగంటుతాయి.

దీనికి కారణం నేల స్వభావంలో ఉంది. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం పొంగిన లావా గడ్డకట్టి ఏర్పడిన దక్కన్ బసాల్ట్ శిలలపై ఈ కొండలు నిలిచి ఉన్నాయి. గట్టి బసాల్ట్‌లో నీరు పగుళ్లలోకి మాత్రమే ఇంకుతుంది. కొండల వాలు నిటారుగా ఉండటం వల్ల జూన్ నుంచి సెప్టెంబరు వరకు పడిన వానలో అధిక భాగం పూర్ణా, అంబికా, ఖాప్రీ, గిరా నదుల గుండా వేగంగా దిగువకు, అక్కడి నుంచి అరేబియా సముద్రానికి చేరిపోతుంది.

వఘై సమీపంలో అంబికా పరీవాహకంలో ఉన్న గిరా జలపాతానికి, గిరా నదిపై సింగానా ప్రాంతంలో ఉన్న గిర్మల్ జలపాతానికి ఇదే సూత్రం వర్తిస్తుంది. పేర్లు దగ్గరగా ఉన్నందున చాలామంది ఈ రెండింటినీ ఒకటిగా పొరబడతారు. రెండూ వేర్వేరు దిక్కులలో ఉన్నాయి. రెండింటినీ నిండు ప్రవాహంతో చూడాలంటే జులై నుంచి అక్టోబరు వరకు అనువైన కాలం. మేలో వెళ్లేవారు ప్రవాహాన్ని ఆశించకూడదు.

ఈ పరిస్థితి పర్యాటకుడికి ఒక బాధ్యతను కూడా గుర్తు చేస్తుంది. వేసవిలో అక్కడ వాడే ప్రతి బిందె నీరు స్థానిక గ్రామాల వాటా నుంచి వచ్చినదే. తాగునీటిని వీలైనంత వరకు పెద్ద క్యాన్లలో సూరత్ నుంచే తీసుకువెళ్లడం, గ్రామ చేతిపంపుల వద్ద వాహనాలు కడగకపోవడం, నది మడుగులలో సబ్బు వాడకపోవడం కనీస మర్యాద. పశువులకు, వన్యప్రాణులకు ఆ మడుగులే ఆధారం.

దారిలో చూడదగినవి

సూరత్ నుంచి 53వ నంబరు జాతీయ రహదారి తూర్పుగా బార్డోలీ, వ్యారా, సోన్‌గఢ్ మీదుగా ధూళే వైపు సాగుతుంది. కారులో నాగ్‌పూర్ చేరి, అక్కడ 44వ నంబరు రహదారిని అందుకొని ఆదిలాబాద్ వైపు వెళ్లే తెలుగువారికి ఇది ఇంటి దారి కూడా. 1928లో వల్లభ్‌భాయ్ పటేల్ నాయకత్వంలో జరిగిన రైతు సత్యాగ్రహంతో చరిత్రకెక్కిన బార్డోలీలో స్వరాజ్ ఆశ్రమాన్ని దర్శించవచ్చు. వ్యారా దగ్గర జాతీయ రహదారిని విడిచి దక్షిణానికి తిరిగితే చెరకు పొలాలు వెనకబడి, టేకు, వెదురు వనాలు మొదలవుతాయి.

ఆ దారిలో పూర్ణా వన్యప్రాణి అభయారణ్యం, అందులో నది ఒడ్డున మహాల్ విడిది ఉన్నాయి. జిల్లా కేంద్రమైన ఆహ్వా మీదుగా సాపుతారా చేరుకోవచ్చు. తిరుగు ప్రయాణంలో ఘాట్ దిగి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న వఘై చేరితే అక్కడి వృక్షశాస్త్ర ఉద్యానం, సమీపంలోని వాంస్‌దా జాతీయ ఉద్యానం, ఉనాయీలోని వేడినీటి ఊటలు వరుసగా తగులుతాయి. 1979లో ఏర్పడిన వాంస్‌దా ఉద్యానం విస్తీర్ణం సుమారు 24 చదరపు కిలోమీటర్లే అయినా, దట్టమైన చెట్ల వల్ల వేసవిలోనూ కొంత నీడ దొరుకుతుంది. బిలిమోరా, వఘై మధ్య గైక్వాడ్ల కాలంలో 1913లో ప్రారంభమైన 63 కిలోమీటర్ల నారో గేజ్ రైలు మార్గం కూడా ఈ ప్రాంతపు ప్రత్యేకతే. కొవిడ్ కాలంలో ఆగిన ఈ రైలు 2021లో మళ్లీ పట్టాలెక్కింది. రైలు వేళలను ముందుగా రైల్వే వర్గాల ద్వారా నిర్ధారించుకోవడం మంచిది.

సాపుతారా మహారాష్ట్ర సరిహద్దుకు ఆనుకొని ఉంది. నాసిక్ అక్కడికి సుమారు 80 కిలోమీటర్లు. మరో రోజు వ్యవధి ఉన్నవారు గోదావరి పుట్టిన త్ర్యంబకేశ్వరం వరకు వెళ్లి రావచ్చు. సహ్యాద్రి శిఖరరేఖ ఇక్కడ నీటిని రెండుగా పంచుతుంది. పడమటి వాలున పడిన చినుకు అంబికలోనో పూర్ణలోనో కలిసి దక్షిణ గుజరాత్ తీరంలో సముద్రం చేరుతుంది. త్ర్యంబకం వద్ద తూర్పు వాలున పడిన చినుకు గోదావరిగా మారి సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి తెలుగు నేలను తడుపుతుంది. సిరిసిల్ల పక్కన పారే మానేరు కూడా చివరికి ఆ గోదావరిలోనే కలుస్తుంది. పిల్లలకు భూగోళ పాఠాన్ని కళ్లారా చూపించడానికి ఇంతకంటే అనువైన చోటు సూరత్ చుట్టుపక్కల దొరకదు.

వేసవికే పరిమితమైన విశేషాలూ ఉన్నాయి. ఆకులు రాలిన అడవిలో పక్షులు సులభంగా కంటపడతాయి. నగర కాంతికి దూరంగా మబ్బులేని రాత్రి ఆకాశం స్పష్టంగా కనిపిస్తుంది. మే నెలాఖరు, జూన్ తొలి రోజులలో తొలకరికి ముందు సహ్యాద్రి అడవులలో మిణుగురులు గుంపులుగా మెరుస్తాయి. వాటిని చూడాలనుకునేవారు టార్చిలైట్లు, కెమెరా ఫ్లాష్‌లు ఆర్పివేయాలి. మగ, ఆడ పురుగులు ఒకదానినొకటి గుర్తించేది ఆ మెరుపుల ద్వారానే కనుక కృత్రిమ కాంతి వాటి సంతతికి ఆటంకమవుతుంది.

గుడారం ఎక్కడ వేయాలి

అడవిలో నచ్చిన చోట గుడారం వేసుకోవడానికి చట్టం అనుమతించదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో పర్యాటకులు ప్రవేశించాలన్నా, బస చేయాలన్నా అధికారుల అనుమతి పత్రం అవసరం. మహాల్‌తో పాటు వఘై సమీపంలోని కిలాద్, అంబికా నది ఒడ్డున ఉన్న పదమ్ డుంగరీ వద్ద అటవీ శాఖ విడిదులు ఉన్నాయి. సెలవు రోజులలో రద్దీ ఎక్కువగా ఉంటుంది కనుక ముందుగా సంప్రదించి బస ఖాయం చేసుకున్నాకే బయలుదేరాలి.

అనుమతించిన స్థలంలోనైనా గుడారం వేసేటప్పుడు కొన్ని మెలకువలు పాటించాలి. ఎండిన నదీగర్భం చదునుగా, ఇసుకతో అనువుగా కనిపిస్తుంది. అక్కడ పడుకోవడం ప్రమాదకరం. ఎగువన ఉరుములతో వాన పడితే దిగువన చినుకు లేకపోయినా నీరు ఒక్కసారిగా రావచ్చు. జూన్ తొలి వారాలలో ఈ ముప్పు మరీ ఎక్కువ. ఎండిన కొమ్మల కింద, విడిగా నిలిచిన ఎత్తైన చెట్టు కింద గుడారం వేయకూడదు. ఈదురుగాలికి కొమ్మలు విరిగే అవకాశం, పిడుగు పడే అవకాశం రెండూ ఉంటాయి.

అన్నం మెతుకులు, మాంసపు వ్యర్థాలు గుడారం చుట్టూ పారవేస్తే ఎలుకలు, వాటి వెంట పాములు చేరతాయి. ఈ అడవులలో చిరుతపులులు కూడా ఉన్నాయి. చీకటి పడ్డాక పిల్లలను ఒంటరిగా బయటికి పంపరాదు.

నిప్పు విషయంలో జాగ్రత్త

డాంగ్‌లో మే నెల అంటే టేకు ఆకులు నేలపై మందపాటి పరుపులా పేరుకొని ఉండే కాలం. ఒక్క బీడీ ముక్క చాలు, మంట వాలు వెంబడి పైకి పాకుతుంది. కొండ వాలున మంట పైకి వెళ్లేకొద్దీ వేగం పుంజుకుంటుంది. ఎందుకంటే కింది మంట వేడికి పై ఆకులు ముందే ఎండి సిద్ధంగా ఉంటాయి.

అభయారణ్యానికి ముప్పు కలిగేలా నిప్పు రాజేయడాన్ని, రాజేసిన నిప్పును ఆర్పకుండా వదిలివేయడాన్ని వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 30వ సెక్షన్ నిషేధిస్తోంది. వంట అవసరమైతే విడిది నిర్వాహకులు చూపిన పొయ్యిలనే వాడాలి. చలిమంటల సరదా వేసవి అడవిలో పనికిరాదు. సిగరెట్ ముక్కలను కారు కిటికీలో నుంచి విసిరే అలవాటు మానుకోవాలి. ఎక్కడైనా పొగ కనిపిస్తే ఆర్పే ప్రయత్నంలో ముందుకు పోకుండా, గాలి వీచే దిశకు అడ్డంగా పక్కకు తొలగి, అటవీ సిబ్బందికి వెంటనే తెలియజేయాలి.

ఘాట్ రోడ్డు కోరే ఓర్పు

ఈ ప్రయాణంలో ప్రాణాపాయం అధికంగా పొంచి ఉన్నది రోడ్డు మీదే. 2018 డిసెంబరులో సూరత్ నుంచి విహారయాత్రకు వెళ్లిన ట్యూషన్ విద్యార్థుల బస్సు డాంగ్ జిల్లాలో లోయలో పడి పది మంది మరణించారు. 2024 జులైలో సాపుతారా ఘాట్‌లో సూరత్ పర్యాటకుల బస్సు లోయలో పడిన ఘటనలో ఇద్దరు చిన్నారులు ప్రాణాలు కోల్పోయారు. 2025 ఫిబ్రవరిలో అదే ఘాట్ ప్రాంతంలో యాత్రికుల బస్సు పడిపోయి కనీసం ఐదుగురు చనిపోయారు.

మైదానంలో ఏళ్ల తరబడి వాహనం నడిపినవారికి కూడా ఘాట్ కొత్తే. పొడవైన వాలు దిగేటప్పుడు బ్రేకును అదే పనిగా తొక్కి ఉంచితే రాపిడికి బ్రేకు భాగాలు విపరీతంగా వేడెక్కి పట్టు తగ్గుతుంది. తొక్కినా వాహనం ఆగని స్థితి అలా ఏర్పడుతుంది. అందుకే ఎక్కేటప్పుడు ఏ గేరు అవసరమో దిగేటప్పుడు కూడా దాదాపు ఆ గేరులోనే దిగాలన్నది అనుభవజ్ఞులైన డ్రైవర్ల మాట. తక్కువ గేరులో ఇంజనే వేగాన్ని అదుపు చేస్తుంది. ఇంధనం ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగడం ఆత్మహత్యాసదృశం.

ఇరుకు చోట ఎదురెదురుగా వచ్చినప్పుడు ఎక్కే వాహనానికి దిగే వాహనం దారి ఇవ్వాలని 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. మలుపులలో హారన్ మోగించాలి, ఓవర్‌టేక్ చేయరాదు. బయలుదేరే ముందు టైర్లలో గాలిని, అవి చల్లగా ఉన్నప్పుడే పరీక్షించాలి. ఎక్కుడులో ఇంజను వేడెక్కితే రేడియేటర్ మూతను వెంటనే తెరవకూడదు. లోపల ఒత్తిడితో ఉన్న మరిగే నీరు ఎగజిమ్మి ముఖం కాలే ప్రమాదం ఉంది. బస్సు మాట్లాడుకునేవారు అద్దెతో పాటు డ్రైవరు విశ్రాంతి గురించి కూడా మాట్లాడుకోవాలి. రాత్రంతా నడిపించి తెల్లవారుజామున ఘాట్ ఎక్కించడం ఆదా కాదు. పరిమితికి మించి మనుషులను ఎక్కించడమూ అంతే. చీకటి పడకముందే ఘాట్ దాటేలా ప్రయాణ వేళలు వేసుకోవాలి.

సన్నని నదిలో లోతైన గుంటలు

వేసవి నది నెమ్మదిగా కనిపిస్తుంది. నిజానికి ఈత రానివారికి వేసవే మరింత ప్రమాదకరం. నీరు తక్కువగా ఉందన్న ధీమాతో నడుచుకుంటూ లోపలికి వెళ్తారు. మోకాలి లోతు నీటి పక్కనే రాతి గుంట, ఇసుక తవ్విన గొయ్యి ఉండవచ్చు. 2024 మే నెలలో సూరత్ నుంచి నర్మదా తీరంలోని పోయిచాకు వెళ్లిన ఒక బృందంలో ఏడుగురు స్నానానికి దిగి నీట మునిగి మృత్యువాత పడ్డారు. వారిలో పిల్లలు కూడా ఉన్నారు.

జలపాతం ఎండినా దాని కింది మడుగు మాత్రం లోతుగానే ఉంటుంది. ఏళ్ల తరబడి పై నుంచి పడిన నీరు అక్కడి రాతిని తొలిచి ఉంటుంది. మునిగిపోతున్నవారిని రక్షించడానికి ఈత రానివారు దూకడం వల్లనే ఒకే కుటుంబంలో పలువురు బలి అవుతున్నారు. అటువంటి సమయంలో తాడు, చీర, పొడవైన కర్ర, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను అందించడం మేలు. స్థానికులు దిగవద్దన్న చోట దిగకపోవడం అన్నిటికంటే మేలు.

ఎండ, పాము కాటు, వైద్యం

సాపుతారాలో సాయంత్రాలు చల్లగా ఉన్నా, దారి పొడవునా ఉన్న మైదానంలో మధ్యాహ్నపు ఎండ తీవ్రంగానే ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు గంటల వరకు నడక, కొండ ఎక్కడం వంటివి పెట్టుకోకూడదు. దాహం వేయకపోయినా నీరు, మజ్జిగ, ఓఆర్‌ఎస్ ద్రావణం తాగుతుండాలి. ఆపి ఉంచిన కారులో కొద్ది నిమిషాలలోనే వేడి ప్రమాదస్థాయికి చేరుతుంది. నిద్రపోతున్నాడు కదా అని బిడ్డను కారులో వదిలి వెళ్లరాదు.

వేసవి రాత్రులలో కట్లపాము నేలపై పడుకున్నవారిని కాటేసే సందర్భాలు ఎక్కువ. ఆ కాటుకు నొప్పి, వాపు అంతగా ఉండకపోవచ్చు. గుడారం జిప్పు పూర్తిగా మూసి పడుకోవాలి. ఉదయం బూట్లు దులిపి తొడగాలి. కాటు పడితే గాయాన్ని కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు బిగించడం, మంత్రాలతో కాలయాపన చేయడం తగదు. బాధితుడిని కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తరలించాలి.

ఇందుకు 108 అంబులెన్సు సేవలు ఉన్నాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ సేవ 2007లో గుజరాత్‌కు విస్తరించింది. అత్యవసర సహాయానికి 112, జాతీయ రహదారులపై 1033 నంబర్లు పనిచేస్తాయి. అయితే అడవిలో పలుచోట్ల మొబైల్ సిగ్నల్ అందదు. అందువల్ల వెళ్లే దారి, బస చేసే చోటు, తిరిగి వచ్చే వేళ ఇంట్లో ఉన్నవారికి రాసి ఇచ్చి బయలుదేరాలి. దారి పటాన్ని ముందుగానే ఫోనులో భద్రపరచుకోవాలి.

అడవి ఖాళీ స్థలం కాదు

2011 జనాభా లెక్కల ప్రకారం డాంగ్ జిల్లా జనాభా 2,28,291. వీరిలో నూటికి 90 మందికి పైగా గిరిజనులే. భిల్లులు, కుంక్ణాలు, వార్లీలు ఇక్కడి ప్రధాన తెగలు. టేకు కోసం 1842లో బ్రిటిషు వారు ఇక్కడి భిల్లు నాయకుల నుంచి అడవులను కౌలుకు తీసుకున్నారు. ఆ వంశాల వారసులకు ఏటా హోలీకి ముందు ఆహ్వాలో జరిగే డాంగ్ దర్బారులో ప్రభుత్వం నేటికీ గౌరవ భృతిని అందజేస్తోంది.

మన ఏజెన్సీ గ్రామాల వలెనే ఇక్కడ కూడా వేసవి అంటే ఇప్పపువ్వు, అడవి ఫలసాయం సేకరించే కాలం. చెట్టు కింద ఆరబోసిన పువ్వును తొక్కుతూ ఫొటోలు దిగడం, అనుమతి లేకుండా మహిళలను, పిల్లలను చిత్రీకరించడం వారి మనసు నొప్పించే పనులు. రాగులు ఇక్కడి ప్రధాన ఆహారం. రాగి సంకటి ఎరిగిన తెలుగువారికి ఇక్కడి నాగలీ రొట్టె కొత్త రుచి అనిపించదు. 2021 నవంబరులో ఈ జిల్లాను పూర్తిగా ప్రకృతి వ్యవసాయ జిల్లాగా ప్రకటించారు. సూరత్ నుంచి పొట్లాలు మోసుకుపోయే బదులు స్థానిక మహిళలు వండిన భోజనం చేసి, వారి రాగులు, వెదురు వస్తువులు కొనుగోలు చేస్తే ఆ డబ్బు గ్రామంలోనే ఉంటుంది, అడవిలో ప్లాస్టిక్ కూడా తగ్గుతుంది.

సుబీర్ సమీపంలోని శబరీధామ్, పంపా సరోవరం రామాయణంతో ముడిపడినవని స్థానికుల విశ్వాసం. భద్రాచలం, పర్ణశాల కథలు వింటూ పెరిగినవారికి ఇవి ఆసక్తి కలిగిస్తాయి. గుజరాత్‌లో మద్యనిషేధం అమలులో ఉన్నందున మహారాష్ట్ర వైపు వెళ్లి వచ్చేవారు సరిహద్దు తనిఖీలను దృష్టిలో ఉంచుకోవాలి.

జలపాతమే చూడాలనుకునేవారు ఈ ప్రయాణాన్ని వానలు నెమ్మదించే సెప్టెంబరు, అక్టోబరు నెలలకు వాయిదా వేసుకోవడం ఉత్తమం. అప్పటికి అడవి పచ్చగా ఉంటుంది, నదులలో నీరు ఉంటుంది. సెలవులు మేలోనే దొరికేవారు మాత్రం తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ముదరక ముందే విడిది చేరుకొని, తాగే నీటిని వెంట తీసుకువెళ్లి, తెచ్చుకున్న చెత్తను తిరిగి సూరత్‌కే తీసుకురావాలి. రెండు రాత్రుల బసకు నలుగురు సభ్యుల కుటుంబానికి తాగడానికే కనీసం 40 లీటర్ల నీరు సిద్ధం చేసుకోవడం క్షేమకరం.